ఒకే రోజు రెండు ఓట్లు: ఒడిశా సరిహద్దు బూతులో ఈవీఎం మీద ఓటు వేయడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఓటు వేసే తెలుగువాళ్లకు ఈ సంగతులు మరీ అవసరం. ఒడిశాలో లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకే రోజు పోలింగ్ జరుగుతుంది. 2024లోనూ అంతే. అంటే ఒక్క బూతులో రెండు యంత్రాలు, రెండు వీవీప్యాట్‌లు (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే పెట్టెలు), రెండు ఓట్లు. పైగా పేర్లు ఒడియా లిపిలో ఉంటాయి. తప్పులన్నీ పుట్టేది ఇక్కడే.

పట్టుకెళ్లాల్సింది ఓటరు కార్డు. అది లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చెల్లుతాయి. బీఎల్వో (బూతు స్థాయి అధికారి) ఇంటికి తెచ్చి ఇచ్చే చీటీ గుర్తింపు కార్డు కాదు, అది వరస నంబరు వెతుక్కోవడానికి మాత్రమే. దగ్గరి చూపు కళ్లద్దాలు ఉంటే తప్పకుండా జేబులో పెట్టుకోండి. ఫోను ఇంట్లోనే వదిలేయాలి. గుమ్మం దగ్గర ఎవరికో ఇచ్చి వస్తానంటే సగం మనసు అక్కడే ఉంటుంది. వెళ్లడం పొద్దున ఏడింటికే. మధ్యాహ్నం జనం ఉండరులే అనేవాళ్ల మాట వినకండి, మే నెల ఎండలో వరసలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

లోపల మొదటి అధికారి మీ పేరు జాబితాలో చూసి పైకి చదువుతారు. మన ఇంటిపేర్లు ఒడియాలో రకరకాలుగా పడుతుంటాయి. ఒకటి రెండు అక్షరాల తేడా ఉన్నంత మాత్రాన ఓటు పోదు, మనిషి మీరేనని తేలితే చాలు. తరవాత ఎడమ చూపుడు వేలికి సిరా, రిజిస్టరులో సంతకం లేదా వేలిముద్ర, చేతికి చీటీ. ఇందులో కష్టమేమీ లేదు.

అసలు పని అట్ట మరుగు వెనక ఉంది. ఇక్కడ తొందర పనికిరాదు.

ముందు లోక్‌సభ యంత్రం దగ్గరికి పంపుతారు. దాని మీది బ్యాలెట్ కాగితం తెలుపు. అసెంబ్లీది గులాబీ రంగు. ఏది దేనిదో రంగు చూసే తేల్చుకోండి. అధికారి తన దగ్గరున్న కంట్రోల్ యూనిట్ మీద బటన్ నొక్కాకే మీ ముందున్న బ్యాలెట్ యూనిట్ మీద పచ్చ దీపం వెలుగుతుంది. అది వెలగకముందు ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కాదు. యంత్రం పాడైందని కేకలేసేవాళ్లలో చాలామంది ఈ దీపం చూడనివాళ్లే.

ఇక పెద్ద ప్రమాదం. ‘మనది మూడో బటన్’ అని ఎవరో చెబితే దాన్నే గుర్తు పెట్టుకుని వస్తారు. తెల్ల కాగితం మీద మూడోది నొక్కుతారు, గులాబీ కాగితం మీదా మూడోదే నొక్కుతారు. ఒకే పార్టీకి రెండు కాగితాల్లో ఒకే నంబరు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తరవాత నమోదై గుర్తింపు లేని పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులు ఉంటారు. ఒక్కో గుంపులో వరస పార్టీ పేరుతో కాదు, అభ్యర్థి పేరులోని అక్షరాలను బట్టి. లోక్‌సభకు ఒక మనిషి, అసెంబ్లీకి ఇంకొక మనిషి అయినప్పుడు నంబరు మారకపోతేనే ఆశ్చర్యం. కాబట్టి నంబరు మరిచిపోండి. గుర్తు, ఫొటో, ఈ రెండే పట్టుకెళ్లండి. ఒడియా మాట్లాడడం వచ్చి చదవడం రాని పెద్దవాళ్లకు ఇంతకు మించిన దారి లేదు. మనవణ్ని వెంట లోపలికి తీసుకెళ్తామంటే కుదరదు. చూపు లేనివాళ్లకూ, సొంతంగా బటన్ నొక్కలేనివాళ్లకూ మాత్రమే తోడు. ఆ తోడుకు 18 ఏళ్లు నిండాలి. చదువు రాదన్నది కారణంగా చెల్లదు. గుర్తులు ముందే ఇంట్లో చూపించి పెట్టాలి.

ఒక యూనిట్‌లో 16 బటన్లే ఉంటాయి. అభ్యర్థులు ఎక్కువైతే పక్కన రెండోది పెడతారు. మీ గుర్తు మొదటిదాంట్లో కనబడకపోతే కంగారుపడి నోటా నొక్కకండి, పక్కదాన్ని చూడండి. నోటా ఎప్పుడూ అందరికన్నా చివర.

గుర్తుకు ఎదురుగా ఉన్న నీలం బటన్‌ను బొటనవేలితో, ఎర్ర దీపం వెలిగేదాకా గట్టిగా నొక్కండి. గోటితో తాకి వదిలేస్తే కొన్నిసార్లు పడదు. వెలిగాక చెయ్యి తీసి వీవీప్యాట్ అద్దం వైపు చూడండి. లోపల దీపం వెలిగి చీటీ కనబడుతుంది. వరస నంబరు, పేరు, గుర్తు ఉంటాయి. మీరు చూడాల్సింది గుర్తు. సమయం 7 సెకన్లే. దీపం ఆరిపోతే నల్లటి అద్దంలో ఏమీ కనబడదు, చీటీ తెగి పెట్టెలో పడుతుంది. మన చేతికి ఇవ్వరు. ఆ ఏడు సెకన్లూ కళ్లద్దాలు వెతుక్కోవడానికి కాదు. తరవాత పొడవుగా బీప్ వినిపిస్తుంది. అప్పటిదాకా కదలొద్దు. మళ్లీ నొక్కినా రెండో ఓటు పడదు, పొరపాటున నొక్కింది వెనక్కీ రాదు.

చీటీ కనబడకపోయినా, బీప్ రాకపోయినా బయటికి రాకముందే ప్రిసైడింగ్ అధికారికి (బూతు పెద్దకు) చెప్పండి. వేరే గుర్తు వచ్చిందనిపిస్తే లిఖితంగా ఫిర్యాదు రాసివ్వాలి, అభ్యర్థుల ఏజెంట్ల ముందు పరీక్ష ఓటు వేయిస్తారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే కేసు మీ మీదే. అందుకే నిజంగా చూశారా, చూశాననుకున్నారా అన్నది తేల్చుకుని నోరు విప్పండి.

బీప్ విని సంతోషంగా బయటికి నడిచేసేవాళ్లు చాలామంది. ఆగండి, సగమే అయింది. గులాబీ కాగితం ఉన్న రెండో యంత్రం దగ్గర మళ్లీ మొదటి నుంచీ అంతా చేయాలి: పచ్చ దీపం, గుర్తు, ఎర్ర దీపం, ఏడు సెకన్లు, బీప్. రెండు బీప్‌లు లెక్కపెట్టాకే గుమ్మం దాటండి.

మీ పేరుతో ఇంకెవరో ముందే వేసి పోయి ఉంటే గొడవపడి ఇంటికి పోకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. అది యంత్రం మీద కాదు, కాగితం మీద వేయిస్తారు.

ఇచ్ఛాపురం వైపు పుట్టిల్లు, బరంపురంలో అత్తిల్లు ఉన్నవాళ్లు రెండు చోట్లా పేరు ఉంచుకోవడం మామూలైపోయింది. చట్టప్రకారం ఒక్క చోటే ఉండాలి. ఒకే ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో వేస్తే రెండు ఓట్లూ చెల్లవు. 2024లో ఆంధ్రలోనూ బరంపురం, కొరాపుట్ లోక్‌సభ స్థానాల్లోనూ పోలింగ్ మే 13నే పడింది, వేలి మీద సిరా దాచడం అంత తేలికా కాదు. ఊరు మారితే ఫారం 8 నింపి ఓటు కొత్త ఊరికి మార్పించుకోండి, ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగకుండా.