క్రీడల స్టాంపులు ఇంటికే రావాలంటే: ఫిలాటెలిక్ డిపాజిట్ ఖాతా దరఖాస్తు విధానం

1951 మార్చి 4న ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు మొదలైన రోజునే తపాలా శాఖ రెండు స్టాంపులు తెచ్చింది. ఒకటి రెండణాలది, రెండోది పన్నెండణాలది. 1996లో మన క్రికెటర్ సి.కె. నాయుడు స్టాంపుకెక్కారు. 2013లో సచిన్ టెండూల్కర్ స్టాంపులైతే ఆయన తన రెండు వందలవ టెస్టు ఆడుతుండగా వాంఖడే మైదానంలోనే విడుదలయ్యాయి. ఇలాంటివి వీధి చివరి పోస్టాఫీసులో అడిగితే దొరకడం కష్టం. విడుదల తేదీలు కనిపెట్టుకుని తిరిగే తీరిక లేనివాళ్లకు ఈ ఫిలాటెలిక్ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా: ముందే డబ్బు వేసి ఉంచితే, కొత్త స్టాంపులు అందులోంచి ఖర్చు రాసుకుని ఇంటికి పంపుతారు.

హెడ్ పోస్టాఫీసులో తెరవొచ్చు. సేకర్తల కోసం స్టాంపులు అమ్మే విభాగం, అంటే ఫిలాటెలిక్ బ్యూరో, ఉన్నచోటికి వెళ్తే ఇంకా మేలు. హైదరాబాద్‌లో అయితే అబిడ్స్ జీపీఓ. ఫారం అక్కడే ఇస్తారు. గుర్తింపు కార్డు నకలు, ఫొటో వెంట తీసుకెళ్లండి. కనీస డిపాజిట్ 200 రూపాయలు.

ఫారంలో ఆలోచించి నింపాల్సింది ఒక్కటే: ఏవి కావాలి, ఎన్నెన్ని కావాలి. విడి స్టాంపులు, నాలుగేసి బ్లాకు, పూర్తి షీటు, మినియేచర్ షీటు (ఒకటి రెండు స్టాంపులతో వచ్చే చిన్న షీటు), ఫస్ట్ డే కవర్ (స్టాంపు విడుదల రోజున తెచ్చే ప్రత్యేక కవరు), బ్రోచర్ (స్టాంపు వివరాల పత్రం) అని ఉంటాయి. ఉత్సాహం కొద్దీ పూర్తి షీటుకు టిక్ పెట్టారో, వేసిన డబ్బు చూస్తుండగానే కరిగిపోతుంది. విడి స్టాంపు ఒకటి, ముద్ర పడిన ఫస్ట్ డే కవర్ ఒకటి, బ్రోచర్ ఒకటి చాలు. ఏడాదిలో వచ్చే స్మారక స్టాంపుల్లో ఆటలవి కొన్నే. అవి వచ్చేనాటికి ఖాతాలో నిల్వ తగ్గకుండా చూసుకోవాలి. నిల్వ లేకపోతే పంపరు.

ఇంట్లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఖాతా వాళ్ల పేరునే తెరవండి. స్టాంపులు సేకరించే పిల్లలకు తపాలా శాఖ ఇచ్చే దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన కింద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్‌కు పోటీపడాలంటే బడిలో ఫిలాటెలీ క్లబ్బు సభ్యత్వమో, సొంత డిపాజిట్ ఖాతానో ఉండాలి.

ఆటల పోటీలు జరిగే ఊళ్లో, ఆ సందర్భానికని స్టాంపు మీద వేసే ప్రత్యేక తపాలా ముద్ర సంగతి వేరు. దానికి దరఖాస్తు పెట్టుకోవాల్సింది నిర్వాహకులు, అదీ ఆ ప్రాంత తపాలా సర్కిల్ అధిపతి అయిన చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్‌కు. మనకు ఏ ఫారమూ అక్కర్లేదు గానీ, ఆ తేదీన ఆ చోటికి వెళ్లాల్సిందే. స్టాంపు తర్వాతైనా కొనుక్కోవచ్చు, ముద్ర అలా కాదు. కవరుకు కుడివైపు పైమూలన స్టాంపు ముందే అంటించి, లోపల పోస్టుకార్డు అంత గట్టి అట్ట పెట్టండి. ముద్ర అలుక్కుపోకుండా సమంగా పడుతుంది. సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడేలా వేయమని కౌంటర్లో అడగండి. సిరా ఆరేదాకా సంచిలో పెట్టకండి.