పిస్టన్ దించే ముందు రింగు సందు కొలవండి

ఇంట్లోనే ఇంజన్ విప్పి కొత్త పిస్టన్లు వేసుకునేవారు ఒక్క పని మాత్రం దయచేసి వదలకండి. పిస్టన్ చుట్టూ ఉండే, ఒకచోట తెగి ఉండే లోహపు రింగులను పిస్టన్‌కు తొడగకముందే, ప్రతి రింగునూ అది పనిచేయబోయే సిలిండర్‌లోనే పెట్టి, రెండు కొసల మధ్య సందు కొలవండి. కొత్త రింగులే కదా, సరిపోతాయిలే అనుకోవడం ప్రమాదం. వేడికి రింగు సాగుతుంది. సందు చాలకపోతే కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని సిలిండర్ గోడను గీరేస్తాయి, పిస్టన్ అంచునూ విరగ్గొట్టగలవు.

రింగును చేత్తో లోపల పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా ఆనించి కొంచెం కిందికి నెట్టండి. అప్పుడే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. వంకరగా ఉంటే కొలతే తప్పు. తర్వాత ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని లోహపు రేకులు) దూర్చి చూడండి. మామూలు పెట్రోల్ ఇంజన్‌లో 80 మి.మీ. వ్యాసమున్న సిలిండర్‌లో అన్నిటికంటే పైనుండే రింగుకు ఈ సందు సుమారు 0.3 మి.మీ. ఉంటుంది. అయితే మీ ఇంజన్ మాన్యువల్‌లోని అంకెనే నమ్మండి, టర్బో ఉంటే మరీ. సందు తక్కువైతే ఒక కొసనే, బయటి అంచు నుంచి లోపలికి సన్నగా ఆకురాయితో రాయండి. తొందరపడకండి, పోయిన లోహం తిరిగి రాదు.

పిస్టన్ దించేటప్పుడు, దాన్ని క్రాంక్‌కు (కింద తిరిగే ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి. ఆ బోల్టులు తగిలి క్రాంక్ మీద చిన్న గీత పడినా బేరింగ్ త్వరగా పాడవుతుంది.