పేరు లేని మేనత్త (మంగోల్ స్త్రీలను గుర్తుపట్టడం: 4వ పాఠం)

గత పాఠంలో బేకీ, ఖాతూన్ వంటి బిరుదులను పేర్ల నుంచి విడదీశాం. ఈసారి పేరే లేదు. 1246లో చెంగీజ్ ఖాన్ మనవడు గుయుక్ ఖాన్ పట్టాభిషేకం చూసిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి కార్పినీ, ఖాన్ తండ్రి ఓగెదెయికి విషం పెట్టిందంటూ ఒక స్త్రీని చంపారని రాశాడు. ఎవరామె?

ఒక చీటీ మీద ఐదు గడులు గీయండి: తండ్రి, భర్త, సంగతి, సంవత్సరం, పేరు. పేరు గడి ఆఖర్న నింపాలి. ముందే నింపితే మిగతావన్నీ దానికి తగ్గట్టు వంగిపోతాయి.

మొదట చుట్టరికం తేల్చండి. పాత ఇంగ్లిషు అనువాదంలో ఆమె ఉంపుడుగత్తె, తర్వాతి దానిలో మేనత్త. లాటిన్‌లో 'అమికా' ప్రియురాలు, 'అమితా' తండ్రి తోబుట్టువు. మధ్యయుగపు చేతిరాతలో సి, టి అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే ఈ తేడా. (మన 'మేనత్త' అమితాకు అచ్చంగా సరిపోతుంది. ఇంగ్లిషు 'ఆంటీ'లో పిన్ని కూడా దూరిపోతుంది.) గుయుక్‌కు మేనత్త అంటే చెంగీజ్ ఖాన్ కూతురు. ఒక గడి నిండింది.

ఇక అదే సంగతి వేరేచోట వెతకండి. 1251లో గుయుక్ పినతండ్రి కొడుకు మోంకే గద్దెనెక్కినప్పటి తగవు గురించి పర్షియన్ చరిత్రకారుడు రషీదుద్దీన్ రాస్తూ ఓగెదెయి వంశం మీద మోపిన నేరం ఒకటి చెబుతాడు: చెంగీజ్ ముద్దుల చిన్నకూతురు అల్తాలూన్‌ను అయినవాళ్లనెవరినీ అడక్కుండా చంపేశారని. ఇది ప్రత్యర్థుల మాటే. కానీ ఆ పక్షంతో పొత్తులేని కార్పినీ రాతతో కలుస్తోంది కాబట్టి నమ్మవచ్చు.

చిక్కంతా భర్త గడిలోనే. రషీదుద్దీన్ ప్రకారం అతను ఓల్‌ఖునూత్ తెగవాడు. మంగోలులే రాసుకున్న 13వ శతాబ్దపు గ్రంథం 'మంగోలుల రహస్య చరిత్ర' 238వ ఖండికలో చెంగీజ్ తన కూతురు అల్-అల్తాన్‌ను ఉయిగుర్ పాలకుడు బర్చుఖ్‌కు ఇస్తాడు. బర్చుఖ్‌కు ఇవ్వబోయిన ఆ కూతురిని మరో పర్షియన్ చరిత్రకారుడు జువైనీ అల్తూన్ బేకీ అంటాడు, పెళ్లి కాకముందే ఆమె పోయిందనీ అంటాడు. అల్తాన్ మంగోలులో, అల్తూన్ తుర్కీలో, రెండూ బంగారమే. అంతమాత్రాన కలిపేయకండి, అక్కడ బంగారమ్మలు ఎక్కువ. రహస్య చరిత్ర 214లో చెంగీజ్ కొడుకు తొలుయిని పసితనంలో కాపాడిన అల్తానీ, చెంగీజ్ సేనాని బొరోఖుల్ భార్య, వేరే మనిషి.

చీటీ మీద ఇలా రాయండి: మేనత్త = అల్తాలూన్, గట్టిది. అల్తాలూన్ = అల్-అల్తాన్, బహుశా. రెండింటినీ ఒకే సిరాతో రాయొద్దు.

అభ్యాసం: గుయుక్ తల్లి తోరెగెనె మొదటి భర్త ఖుదు అని రహస్య చరిత్ర, దాయిర్ ఉసూన్ అని రషీదుద్దీన్ చెబుతారు. చీటీ నింపి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.