ఉర్దూ 'సే'తో ఇంగ్లీషు కాలాలు

విశాఖపట్నంలో ఉర్దూ మాతృభాషగా గల పిల్లలకు ఇంగ్లీషు కాలాలు నేర్పేవారు, క్రియల పట్టికలను వల్లె వేయించే ముందు, వారి భాషలోని 'సే' ('నుంచి') అనే చిన్న ప్రత్యయంపై దృష్టి పెట్టడం మేలు. 'మై దో సాల్ సే వైజాగ్ మే రహ్ రహా హూఁ' అన్నప్పుడు అక్కడున్నది వర్తమాన క్రియే కనుక, దాన్ని యథాతథంగా మార్చి 'ఐ యామ్ లివింగ్ ఇన్ వైజాగ్ సిన్స్ టూ ఇయర్స్' అంటారు; 'రెండేళ్లుగా ఉంటున్నాను' అనే తెలుగువారమూ ఇదే పొరపాటు చేస్తాం. గతంలో మొదలై నేటికీ సాగుతున్న స్థితికి 'హావ్ బీన్ లివింగ్' కావాలి. ఎంతకాలమో చెబితే 'ఫర్ టూ ఇయర్స్' అనీ, ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్ 2019' అనీ విడదీయాలి.

'ఖాయా హై' అనే రూపం మాత్రం 'హావ్ ఈటెన్'కు దాదాపు అతికినట్టు సరిపోతుంది. ఈ సౌలభ్యం మన 'తిన్నాను'లో లేదు. అయితే 'కల్ దేఖా థా' (నిన్న చూశాను)లోని గతకాల సహాయక క్రియ 'థా'ను చూసి 'హాడ్ సీన్ యెస్టర్‌డే' అనకూడదు, 'సా యెస్టర్‌డే' చాలు. జరిగిపోయిన రెండు పనుల్లో ముందుదాన్ని చెప్పడానికే 'హాడ్' అవసరం: మనం ఆర్టీసీ కాంప్లెక్స్ చేరేసరికే బస్సు వెళ్లిపోయి ఉంటే, 'ది బస్ హాడ్ లెఫ్ట్'.