నవల నుంచి తెరకు – 5వ పాఠం: డార్సీ ఉత్తరాన్ని ఎక్కడ రాయాలి?

గత పాఠంలో జేన్ ఆస్టెన్ 1813 నాటి నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ తీసుకుని, దానిలోని 61 అధ్యాయాలకు వన్‌లైన్ ఆర్డర్ (సన్నివేశానికో వాక్యం చొప్పున వరుస) రాసుకోమన్నాను. రాసినవాళ్లు 34వ అధ్యాయం దాకా సాఫీగానే వచ్చి ఉంటారు. అసలు చిక్కు ఆ తర్వాతే. 35లో కథానాయకుడు డార్సీ ఒక ఉత్తరం కథానాయిక ఎలిజబెత్ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. 36 అంతా ఆమె దాన్ని చదువుకోవడం, ఆలోచించుకోవడం. కథ మొత్తం మలుపు తిరిగేది అక్కడే. కెమెరాకు మాత్రం దొరికేది ఒక దారి, ఒక అమ్మాయి, రెండు మూడు కాగితాలు.

ముందు ఆ ఉత్తరంలో ఏముందో చూద్దాం. అంతకుముందు సాయంత్రం డార్సీ తనను పెళ్లి చేసుకోమని అడిగితే ఎలిజబెత్ తిరస్కరించింది. అతని మీద రెండు నేరాలు మోపింది. తన అక్క జేన్‌ను ఆమె మనసిచ్చిన బింగ్లీకి, అంటే డార్సీ స్నేహితుడికి, దూరం చేశాడని ఒకటి, డార్సీ తండ్రి ఎస్టేటు మేనేజరు కొడుకైన వికమ్ బతుకుతెరువు చెడగొట్టాడని రెండు. ఉత్తరం ఈ రెండింటికీ జవాబు. మొదటి సంగతి ఎలిజబెత్‌కు డార్సీ బంధువు కల్నల్ ఫిట్జ్‌విలియం నోట అప్పటికే తెలుసు. డార్సీ అలా ఎందుకు చేశాడన్నదే కొత్త. కాబట్టి నిడివి తగ్గించాలంటే కత్తెర వేయాల్సింది ఇక్కడే. కానీ ఆమె తల్లీ చెల్లెళ్లూ, ఒక్కోసారి తండ్రి కూడా, నలుగురిలో నడుచుకున్న తీరు గురించి డార్సీ రాసిన మాట తీసేయకండి. అది నిజమని ఆమెకూ తెలుసు, అందుకే గుచ్చుకుంటుంది.

రెండోది పూర్తిగా కొత్త సమాచారం. డార్సీ తండ్రి తనకు ఉద్దేశించిన చర్చి పదవికి బదులు వికమ్ 3,000 పౌండ్లు పుచ్చుకున్నాడు. అది ఖర్చయ్యాక మళ్లీ ఆ పదవే కావాలన్నాడు. ఆ తర్వాత రామ్స్‌గేట్‌లో డార్సీ చెల్లెలు జార్జియానాను లేవదీసుకుపోవడానికి సిద్ధమయ్యాడు. ఆ అమ్మాయి పేరున ఉన్న ఆస్తి 30,000 పౌండ్లు, వయసు 15. ఈ చివరి అంకెను పక్కన రాసుకోండి. దానితో పని ఉంది.

ఇక దీన్ని తెరకెక్కించినవాళ్లు ఏం చేశారు? 1995లో బీబీసీ ఆరు ఎపిసోడ్ల సీరియల్‌కు ఆండ్రూ డేవిస్ స్క్రీన్‌ప్లే రాశాడు. పెళ్లి ప్రస్తావన సన్నివేశాన్ని మూడో ఎపిసోడ్ చివర పెట్టాడు. సరిగ్గా సగం కథ. మన సినిమావాళ్ల లెక్కలో ఇంటర్వెల్. నాలుగో ఎపిసోడ్‌లో డార్సీ రాత్రివేళ కూర్చుని ఉత్తరం రాస్తుంటే వికమ్ గతం ఫ్లాష్‌బ్యాక్‌గా కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది, కథా సులువుగా అర్థమవుతుంది. దానికి చెల్లించిన మూల్యం మాత్రం గమనించాలి. నవలలో ఆ ఘట్టమంతా మనం ఎలిజబెత్ పక్కనే ఉంటాం. డార్సీ చెప్పేది నిజమో అబద్ధమో ఆమెకు తెలియనట్టే మనకూ తెలియదు. ఫ్లాష్‌బ్యాక్ వచ్చిందంటే ప్రేక్షకుడికి అది సాక్ష్యమే. ఎలిజబెత్ ఇంకా కాగితం విప్పకముందే తీర్పు వచ్చేసింది.

2005లో జో రైట్ తీసిన సినిమా నిడివి రెండు గంటల పైచిలుకే. అందులో ఎలిజబెత్ అద్దం ముందు నిలబడి ఉండగా డార్సీ వచ్చి ఉత్తరం ఉంచి వెళ్తాడు, ఆ తర్వాత అతని గొంతు వినిపిస్తుంది. తనను తాను తెలుసుకోబోయే మనిషిని అద్దం ముందు నిలబెట్టడం తెలివైన ఎంపిక. కానీ అక్కడ ఆమె తనతో తాను వాదించుకోవడానికి వ్యవధి లేదు.

ఈ రెండూ కాక మూడో దారి ఉంది. దాన్ని నవలే చూపిస్తోంది. 36వ అధ్యాయం మళ్లీ తీయండి. ఉత్తరంలోని విషయాలకు రుజువు ఎలిజబెత్‌కు ఎక్కడ దొరికింది? ఉత్తరంలో కాదు, తన జ్ఞాపకంలో. డార్సీ ఎదురుపడితే నేను తప్పుకోను అని బీరాలు పలికిన వికమ్, ఆ మరుసటి వారమే బింగ్లీ ఉంటున్న నెదర్‌ఫీల్డ్ భవనంలో జరిగిన నృత్యవిందుకు రాకుండా ఎగ్గొట్టాడు. డార్సీ మిత్రబృందం ఊరు విడిచాకే తన కథ ఊరంతా చెప్పుకున్నాడు. ఇవన్నీ ఆమె కళ్లముందు జరిగినవే. అంటే ఉత్తరం సన్నివేశంలో మీ పని సగానికి పైగా, వికమ్ తన కథ చెప్పుకునే 16వ అధ్యాయంలోనే అయిపోవాలి.

ఆ అధ్యాయంలో ఎలిజబెత్ తల్లి తోబుట్టువు మిసెస్ ఫిలిప్స్ ఇంట్లో పేకాట సాగుతుంటుంది. వికమ్ కూర్చున్నది ఎలిజబెత్‌కూ ఆమె చెల్లెలు లిడియాకూ మధ్య. లిడియా ఆటలో మునిగిపోయి ఉంటుంది, అతను ఎలిజబెత్‌కు తన గోడు వెళ్లబోసుకుంటాడు. డార్సీ తండ్రి మీది గౌరవం కొద్దీ కొడుకు గుట్టు బయటపెట్టనని అంటాడు. అప్పటికే అంతా బయటపెట్టేశాడు, అదీ పరిచయమై రెండు రోజులైనా గడవని అమ్మాయి దగ్గర! ఆ మాటకు ఎలిజబెత్ అతన్ని అనుమానించదు, అంతకుముందుకన్నా అందగాడిగా కనిపించాడనుకుంటుంది. ఆస్టెన్ మన కళ్లముందే దొంగను నిలబెట్టి, మన చేతే చప్పట్లు కొట్టించింది.

నేనైతే ఆ సన్నివేశం ఇలా రాస్తాను:

సీన్ 19. ఫిలిప్స్ ఇల్లు – లోపల – రాత్రి

పేకాట బల్ల. మధ్యలో వికమ్. ఎడమవైపు ఎలిజబెత్, కుడివైపు లిడియా. చేప ఆకారపు ఆటబిళ్లలు.

వికమ్ (గొంతు తగ్గించి): ఆయన తండ్రిని మరచిపోలేను. అందుకే కొడుకు సంగతి ఎవరికీ చెప్పలేను.

లిడియా: ఈ చేప కూడా నాదే!

బిళ్ల జారి కింద పడుతుంది. వికమ్ ఎలిజబెత్ మీది నుంచి చూపు తిప్పకుండానే వంగి దాన్ని తీసి లిడియా అరచేతిలో పెట్టి, ఆమె వేళ్లు మూస్తాడు. ఎలిజబెత్ ఆ మర్యాదకు చిరునవ్వు నవ్వుతుంది.

అంతే. మొదటిసారి చూసేవాడికి అది మర్యాద. ఇప్పుడు ఇందాకటి అంకె తీయండి. ఆ బల్ల దగ్గర లిడియా వయసు కూడా 15. ఉత్తరం చదివేటప్పుడు రామ్స్‌గేట్ చూపించనక్కరలేదు. డార్సీ గొంతు “మా చెల్లెలికి అప్పుడు పదిహేనేళ్లు” అనగానే, శబ్దం లేకుండా, అరచేతిలో బిళ్ల పెట్టే ఆ షాట్ ఒక్కటి వేయండి. 46వ అధ్యాయంలో లిడియా వికమ్‌తో వెళ్లిపోయిందన్న కబురు వచ్చినప్పుడు ప్రేక్షకుడి గుండె జల్లుమంటుంది. గొంతు చెప్పినదాన్నే బొమ్మ కూడా చూపిస్తే రెండిట్లో ఒకటి దండగ.

చదివే నటికి కూడా ఆస్టెన్ ఒక పని ఇచ్చింది. ఎలిజబెత్ ఆ ఉత్తరం జన్మలో మళ్లీ చూడనని మడిచి పెట్టేస్తుంది. అర నిమిషంలో మళ్లీ విప్పుతుంది. ఇంతకన్నా తెర మీద పండే చేష్ట మీరు నేనూ కల్పించలేం. యథాతథంగా వాడుకోండి.

ఒక చిన్న హెచ్చరిక. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత కాపీరైట్ తీరిపోతుంది. ఆస్టెన్ 1817లోనే పోయింది కాబట్టి నవల మీద ఎవరి హక్కూ లేదు. కానీ డార్సీ చెరువులో దూకి తడిసిన చొక్కాతో ఎలిజబెత్‌కు ఎదురుపడే ఘట్టం నవలలో లేదు, అది 1995 సీరియల్ వారి కల్పన. సినిమాలు చూసి కథ గుర్తుంచుకునేవాళ్లు ఇలాంటివి తెలియకుండానే ఎత్తేస్తుంటారు. తెలుగు అనువాదం నుంచి సంభాషణలు తీసుకుంటే అనువాదకుల హక్కు కూడా చూసుకోవాలి.

ఇంటిపని: 16వ అధ్యాయాన్ని రెండు పేజీల సన్నివేశంగా రాయండి. వికమ్ అబద్ధాలకోరని ఏ పాత్రా అనకూడదు, అలా అనిపించే సంగీతం కూడా సూచించకూడదు. నా ఆటబిళ్ల వాడుకోవద్దు, మీదంటూ ఒక చేష్ట వెతకండి. ఆ తర్వాత 36వ అధ్యాయం ఒక్క పేజీలో రాయండి, డార్సీ గొంతుకు ఐదు వాక్యాలు మించకుండా. రాశాక నవల చదవని మనిషికి మొదటి రెండు పేజీలే ఇచ్చి, వికమ్ ఎలాంటివాడని అడగండి. మంచివాడన్నారంటే మూడో పేజీ ఇవ్వండి. అనుమానంగా ఉందన్నారంటే మళ్లీ రాయండి.

వచ్చే పాఠం డికెన్స్ ‘బ్లీక్ హౌస్’ మీద. బీబీసీ 2005లో దాన్ని 15 ఎపిసోడ్లుగా ఎలా కోసిందో చూస్తాం. ఆలోగా మొదటి ఐదు అధ్యాయాలు చదివి, ఒక్కొక్కటి ఏ వాక్యం దగ్గర ఆగిందో రాసి ఉంచుకోండి.