కూర్చుంటే గొంతుకు తగిలి, నిలబడితే కిందికి జారే ప్లేట్ క్యారియర్: నాకు పనిచేసిన సర్దుబాటు

బాగ్దాద్‌లో ఎస్కార్ట్ డ్యూటీ. ఒంటి మీద ప్లేట్ క్యారియర్, అంటే ఛాతీకీ వీపుకీ గుండ్లను ఆపే గట్టి పలకలు (ప్లేట్లు) పెట్టుకునే చొక్కా. వాహనంలో కూర్చోగానే ముందు ప్లేట్ గొంతుకు తగిలేది. దిగి నిలబడితే జారిపోయి ఛాతీ పైభాగం రక్షణ లేకుండా మిగిలేది. భుజం పట్టీలు వదులు చేయడం, మెత్తలు వేయడం, నడుము పట్టీ ఇంకా బిగించడం, ఏదీ పనిచేయలేదు.

అసలు లోపం ప్లేట్ పెట్టే జేబులో. ప్లేట్ అడుగున రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంది. ప్లేట్లు తీసి, ఆ ఖాళీలో గట్టి ఫోమ్ ముక్క పెట్టాను. అడుగున మాత్రమే, ప్లేట్‌కు ముందూ వెనకా ఏమీ దూర్చకూడదు. గుండు తగలాల్సిన వైపు ఏదో ప్లేట్ మీదే రాసి ఉంటుంది, అది బయటికి రావాలి.

తర్వాత టీషర్ట్ మీద వేసుకుని, కాలర్ ఎముకల మధ్య గుంట దగ్గరికి ప్లేట్ పై అంచు వచ్చేదాకా భుజం పట్టీలు సమంగా లాగాలి. చూడాల్సింది ప్లేట్ అంచు, గుడ్డ అంచు కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. నడుము పట్టీ ఆఖరున, మామూలుగా ఊపిరి పీల్చి చూస్తూ బిగించాలి.

తూటాల మ్యాగజైన్ పౌచ్‌లు కింది అంచు నుంచి పక్కలకు మార్చాక గొంతుకు తగలడం ఆగింది: కూర్చున్నప్పుడు తొడలు వాటిని పైకి నెట్టేవి. సీటు బెల్టు పెట్టుకుని, రైఫిల్ భుజానికి ఆనించి చూసి, పట్టీల మీద మార్కర్‌తో గీత పెట్టాను.

ఇది మీడియం ప్లేట్, 9.5 × 12.5 అంగుళాలు. పొడవాటి మొండెం ఉన్నవాళ్లకు సైజే మార్చాల్సి రావచ్చు. సిరామిక్ ప్లేట్ ఎప్పుడైనా కిందపడి ఉంటే మాత్రం ముందు ఎక్స్‌రే తీయించండి, లోపలి పగులు కంటికి కనబడకపోవచ్చు.