కోనకు పోయే ముందు వంకలు లెక్కపెట్టండి

అక్టోబర్‌లో నాలుగు గట్టి వానలు పడ్డాయో లేదో, తిరుపతిలో ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కోనలో నీళ్లు దుముకుతున్నాయంట, ఆదివారం పోదామా?" మనకు గట్టి వానలు, తుపాన్లు వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. జలపాతాలు నిండుగా ఉండేదీ, మనుషులు కొట్టుకుపోయేదీ ఆ మూడు నెలల్లోనే.

తలకోన పెద్ద జలపాతం సంగతి వేరే. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లే అయినా దగ్గరి దాకా దారుంది, చుట్టూ జనం ఉంటారు. నేను చెప్పేది లోపలి కోనల గురించి. నాగలాపురం, ఉబ్బలమడుగు వైపు కొండల్లో గానీ, శేషాచలం లోపల గానీ, బండి దిగాక వంక, అంటే కొండవాగు, వెంబడి రెండు మూడు గంటలు నడిస్తే తప్ప కనిపించని నీళ్లుంటాయి. అక్కడ కాలు బెణికినా మోసుకొచ్చే దిక్కుండదు.

మూడేళ్ల కింద కార్తీక మాసంలో మేం ఐదుగురం అలాంటి ఒక కోనకు పోయాం. పొద్దున ఎండ బాగా కాసింది. వంకను దాటేటప్పుడు నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. జలపాతం కింది మడుగు, అదే గుండం, దగ్గర కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. నీళ్ల అంచున బల్లలాగా ఒక తెల్ల రాయి ఉంటే మావాడు దాని మీద స్టీల్ డబ్బా పెట్టాడు. కాసేపటికి ఎండుటాకులు కొట్టుకొచ్చాయి. ఎవరం పట్టించుకోలేదు. ఆ వెనకే సన్న పుల్లలు, కొంచెం నురుగు. నీళ్లు పాలు తక్కువైన టీ రంగుకు తిరిగాయి. పులిహోర తిని చేయి కడుక్కుందామని లేచేసరికి తెల్ల రాయి లేదు, డబ్బా లేదు. మా నెత్తిన మాత్రం ఒక్క చినుకు పడలేదు.

ఇది అర్థం చేసుకుంటే సగం జాగ్రత్త తీసుకున్నట్టే. మన కొండలు గట్టి రాతి కొండలు. పైన మట్టి పలుచన, వాన ఇంకే చోటు తక్కువ. కొండ నెత్తిన ఎక్కడో గంటసేపు కుమ్మరిస్తే ఆ నీళ్లన్నీ చీలికల వెంట జారి ఒక్క ఇరుకు కోనలోకి దిగాలి. కింద నిలబడిన మనకు కనిపించేది రెండు గోడల మధ్య చారెడు ఆకాశం. అది నీలంగా ఉందంటే ఆ చారెడే నీలంగా ఉందని లెక్క. 2021 నవంబర్‌లో కపిలతీర్థం దగ్గర కొండ మీంచి ఎర్రగా దూకిన వరదను చూసిన వాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

అందుకే పోయేటప్పుడే వంకను ఎన్నిసార్లు దాటారో లెక్కపెట్టండి. ఒక వంకే మెలికలు తిరుగుతూ దారిని నాలుగైదు చోట్ల కోస్తుంది. లోపలికి పోయేటప్పుడు అవి ఆటగా ఉంటాయి. నీళ్లు పెరిగాక ఒక్కోటీ తాళం వేసిన తలుపు. ఐదు దాటి లోపలికి పోయారంటే తిరిగి రావడానికి ఐదూ తెరిచి ఉండాలి. దాటిన ప్రతిచోటా ఒక రాయినో, చెట్టు వేరునో గుర్తు పెట్టుకుని, నీళ్లు దానికి ఎంత కింద ఉన్నాయో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. సెల్ఫీలు ఎలాగూ తీస్తారు కదా, అందులో ఇదొకటి.

నీళ్ల రంగు మారినా, ఆకులు పుల్లలు ఎక్కువైనా, పైనుంచి వచ్చే హోరు పెరిగినా సామాన్లు సర్దుకుంటూ కూర్చోవద్దు. ఏ ఒడ్డున ఉన్నారో ఆ ఒడ్డునే పైకి ఎక్కేయండి. వంక వెంబడి కిందికి పరిగెత్తడం అందరూ చేసే తప్పు. నీళ్లు మీకన్నా బాగా పరిగెడతాయి. పారే నీళ్లు మోకాలు దాటితే దిగకూడదు, అడుగు కనిపించనంత బురదగా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. మేం ఆ రోజు ఆఖరి వంక దగ్గర దాదాపు మూడు గంటలు బండ మీద కూర్చున్నాం. ఒకడు దాటేద్దామని ఒకటే గొడవ, వాడికి మర్నాడు డ్యూటీ. టెన్షన్ అందరికీ ఉంది, కానీ వాడి చొక్కా వదల్లేదు. పైన వాన ఆగితే ఇలాంటి చిన్న వంకలు ఎక్కిన జోరులోనే దిగుతాయి. చీకటి పడేలోగా దిగకపోతే రాత్రి ఆ ఒడ్డునే. చలికి వణికినా పొద్దున ఇంటికొస్తారు.

తాడు తీసుకుపోయే వాళ్లకు ఒక మాట. వంక దాటేటప్పుడు నడుముకు తాడు కట్టుకోకండి. కాలు జారితే ఒడ్డునున్న వాళ్లు గట్టిగా లాగిపట్టుకుంటారు, ప్రవాహం మనిషిని అదే తాడుకు వేలాడదీసి నీళ్ల అడుగుకు తొక్కుతుంది. రెండు చెట్లకు బిగించి చేత్తో పట్టుకోవడానికైతే సరే. వీపు మీది బ్యాగు పట్టీలు వదులు చేసుకోండి, పడితే విదిలించుకునేలా ఉండాలి.

గుండంలో దూకే వాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు, అయినా చెప్తాను. పోయినేడు చూసిన లోతు ఈ ఏడు ఉండదు. ఒక వరదకు బండలు దొర్లుకొస్తాయి, మానులు అడుగున ఇరుక్కుంటాయి. జలపాతం సరిగ్గా పడే చోట తెల్లగా నురగలు కక్కే నీళ్లలో గాలి ఎక్కువ, ఒళ్లు తేలదు. బాగా ఈత వచ్చిన వాడు కూడా అక్కడ రాయిలా దిగిపోతాడు. జీన్స్ తడిస్తే బరువు. ఇక మందు తాగి దిగే వాడితో కోనకు పోవడమే తప్పు.

పాచి పట్టిన బండ తడిగా ఉన్నప్పటికన్నా సగం ఆరినప్పుడు ఎక్కువ మోసం చేస్తుంది, మెరుపు ఉండదు కాబట్టి. హవాయి చెప్పులు బండిలో వదిలేసి పట్టున్న బూట్లు వేసుకోండి. అనుమానంగా ఉన్న చోట కూర్చుని దిగడానికి సిగ్గుపడొద్దు. జలపాతం నెత్తి మీదికెక్కి ఫోటో వద్దు.

అసలు లోపలికి పోవచ్చా లేదా అన్నది ముందే ఫారెస్ట్ వాళ్లను అడగాలి. శేషాచలంలో ఎక్కువ భాగం జాతీయ పార్కు, రిజర్వ్ ఫారెస్ట్. అనుమతి లేకుండా అడుగు పెడితే కేసు. పైగా అది ఎర్రచందనం అడవి, దుంగల దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ పోలీసులు గాలించే చోటు. చీకట్లో సంచులు మోస్తూ పొదల్లోంచి బయటికొచ్చే నలుగురు కుర్రాళ్లను చూసి వాళ్లేమనుకుంటారో ఆలోచించండి. వానలకు గేటు మూసేశారంటే పక్కన ఇంకో దారి ఉందని యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని పోవద్దు. శేషాచలం లోపలి తుంబురు తీర్థం చూడాలని ఉంటే ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ జరిగే ముక్కోటి ఉత్సవానికి పోవడం మేలు. ఆ రోజు టీటీడీ ఏర్పాట్లు ఉంటాయి, దారి పొడవునా మనుషులుంటారు. అయితే అప్పటికి ఎండలు ముదిరి అడవి ఎండిపోయి ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకుంటే హెలికాప్టర్లతో నీళ్లు చల్లాల్సి వచ్చింది. బీడీ, సిగరెట్, కర్పూరం ఏదీ వెలిగించకండి.

జంతువుల భయం కొందరికి అతిగా ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. చిరుతలు ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నది చిరుతే. 2025 శివరాత్రికి ముందు తలకోనకు అడవి దారిన పోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడి ప్రాణాలు పోయాయి. పిల్లల్ని గుంపు మధ్యలో నడిపించండి, పొద్దున్నే బయలుదేరి వెలుతురుండగా బయటపడండి. నవంబర్‌లో ఆరు లోపే పొద్దు గూకుతుంది, కోన లోపల నాలుగున్నరకే మసక. ఒంటిగంట కొట్టిందంటే నీళ్లు ఇంకో మలుపు అవతలే ఉన్నా వెనక్కి తిరగాలన్నది నా లెక్క. నిజం చెప్పాలంటే చిరుత కన్నా తేనెటీగలంటే నాకు భయం. కొండ చరియల కింద పెద్ద పట్లు వేలాడుతుంటాయి. సెంటు కొట్టుకుని పోవడం, పొగ పెట్టడం, రాయి విసరడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. లేచాయంటే మొహం కప్పుకుని దూరంగా పరిగెత్తాలి. నీళ్లలో మునిగితే పైకి తేలేదాకా అక్కడే తిరుగుతుంటాయి.

పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, పసరు రాయడం ఏదీ వద్దు. కాలు కదలకుండా రెండు కర్రల మధ్య ఉంచి మనిషిని నడిపించకుండా మోసుకురండి. ఉంగరాలు, పట్టీలు వాపు రాకముందే తీసేయాలి. సిగ్నల్ దొరకగానే 108. విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఉంటుంది.

సిగ్నల్ సంగతి వచ్చింది కాబట్టి, ఇంట్లో "ఫ్రెండ్స్‌తో పోతున్నా" అని చెప్తే చాలదు. ఏ కోన, ఏ ఊరి వైపు నుంచి, ఎంతమంది, బండి ఎక్కడ పెడతారు అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. రాత్రి ఏడుకు ఫోన్ రాకపోతే ఎవరికి చేయాలో కూడా అందులోనే రాయండి. మా అమ్మ ఆ కాగితం చూసి "ఇదేంది, వీలునామానా" అంది. మూడేళ్ల నుంచీ అడిగి మరీ రాయించుకుంటోంది.

తిరిగొచ్చాక స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద ఒకసారి చూసుకోండి. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లుల్లాంటి పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది, మన వైపు వానలు, చలి కాలాల్లో ఈ జ్వరం కొత్తేమీ కాదు. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్ల పెచ్చు కడుతుంది, కొందరికి అదీ కనపడదు. వారం పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి మొదలైతే వైరల్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోకండి. త్వరగా పట్టుకుంటే మామూలు మందులకే లొంగే జబ్బు. డాక్టర్ అడగకపోయినా ఫలానా రోజు అడవికి పోయొచ్చానని మీరే చెప్పండి.